అనంతగిరి దారిలో కోడిగుడ్ల లెక్క

అనంతగిరికి మీరు వెళ్లే ఉంటారు. హైదరాబాదులో ఉండేవాళ్లకైతే ఆదివారం పొద్దున బయల్దేరి చీకటి పడేలోగా ఇల్లు చేరగలిగిన చోటు, ఎనభై కిలోమీటర్ల దూరం. వికారాబాదు దాటాక రోడ్డు మెలికలు తిరుగుతుంది, గాలి చల్లబడుతుంది, అనంతపద్మనాభస్వామి గుడి వస్తుంది. దర్శనం చేసుకుని, కోతుల కంట పడకుండా పులిహోర తిని, కోనేటి దగ్గర కాసేపు కూర్చుని వచ్చేస్తాం. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే అని పిల్లలకు చెబితే నమ్మరు. చాదర్‌ఘాట్ వంతెన మీద ముక్కు మూసుకునే పిల్లలు మరి, ఎలా నమ్ముతారు!

ఇంతవరకూ మీకు తెలిసిందే. అక్కడ చెట్ల మధ్య ఒక పాత ఆసుపత్రి ఉంది, అది చూశారా? నిజాం కాలంలో క్షయ రోగుల కోసం పెట్టింది. మా చిన్నతనంలో ఇంటికొచ్చిన చుట్టాలు ఎవరి గురించైనా "అనంతగిరికి పంపించారట" అన్నారంటే, మా అమ్మ మమ్మల్ని ఏదో పని మీద అవతలికి పంపేసేది. దేవుడి దర్శనానికి పంపించారని కాదు ఆ మాటకి అర్థం. వెళ్లినవాళ్లు నెలలు, ఒక్కోసారి ఏళ్లు అక్కడే ఉండేవారు. తిరిగొచ్చినవాళ్ల ఇంటికి సంబంధాలు రావడం కష్టమయ్యేది.

మొన్న మార్చిలో మేం స్నేహితురాళ్లం కలిసి ఆ కొండ మీదే నడిచాం. టీబీ రోగులకు పోషకాహారం అందించడానికి చందాలు పోగుచేసే నడక. ఆ కబుర్లే ఇవాళ మీతో చెప్పాలని కూర్చున్నాను.

మేమంటే ఎవరో చెప్పలేదు కదూ. మా కాలనీ పార్కులో పొద్దున్నే నడిచే ఆడవాళ్లం. పేర్లు రాయనని మాటిచ్చాను, పార్కులో పిలుచుకునే వరసలతోనే సరిపెట్టుకోండి. సిస్టరమ్మ ఛాతీ రోగాల ఆసుపత్రిలో ఉద్యోగమంతా చేసి రిటైరైన నర్సు. బ్యాంకు వదిన పావలా తేడా వచ్చినా పద్దు మూయదు. పంతులమ్మ పిన్ని కాలేజీలో బోటనీ చెప్పింది, ఏ ఆకు చూపించినా పేరూ ఊరూ చెప్పగలదు. మిగతావాళ్లం ఇళ్లు చూసుకునేవాళ్లం.

ఆలోచన సిస్టరమ్మది. 1882 మార్చి 24న రాబర్ట్ కోచ్ అనే జర్మన్ డాక్టరు బెర్లిన్‌లో నలుగురి ముందు నిలబడి, క్షయకు కారణం ఒక సూక్ష్మజీవి అని రుజువులతో చూపించాడు. అందుకే ఆ తేదీని టీబీ దినం అంటున్నారు. అంతవరకూ అది వంశాన్ని పట్టిన శాపమనో, దిగులు వల్ల వస్తుందనో లోకం అనుకునేది. మన పురాణాల్లోనూ దక్షుడు శపిస్తే చంద్రుడికి క్షయ వచ్చిందనే చెప్పారు. "ఆ తేదీకి దగ్గర్లో పడే ఆదివారం అనంతగిరిలో నడుద్దాం. పాత ఆసుపత్రి దాకా వెళ్దాం. నా దగ్గర మందులు వాడి బాగైనవాళ్లు కొందరున్నారు, వాళ్లనీ రమ్మంటాను," అంది.

అందరికీ నచ్చింది. కానీ నడక అనగానే టీషర్టుల మాట వచ్చింది. ఒకావిడ తెలుపు రంగు బావుంటుందంది, ఇంకొకావిడ వెనకాల ఏం రాయించాలో చెప్పింది. టోపీలు, ఫ్లెక్సీ, ఎవరినైనా పెద్దమనిషిని పిలిచి జెండా ఊపించడం, ఇలా మాట పెరిగింది. బ్యాంకు వదిన అంతా విని, సంచిలోంచి చిన్న నోట్‌బుక్కు తీసింది.

"రోగికి రోజుకో గుడ్డు. ఆరు నెలలకు 180. గుడ్డు ఏడు రూపాయలనుకుంటే 1,260. ఇంట్లో నలుగురుంటే మనిషికి నెలకు కిలోన్నర కందిపప్పు, అంటే ఆరు కిలోలు. కిలో 150 అనుకుంటే నెలకు 900, ఆరు నెలలకు 5,400. మొత్తం 6,660. టీషర్టు 250 చెబుతున్నాడు. ఇరవై ఏడు టీషర్టులు మానేస్తే ఒక ఇంటికి మందులు వాడినన్నాళ్లూ గుడ్లూ పప్పూ వెళ్తాయి. ఇక మీ ఇష్టం."

ఇక టీషర్టుల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఫ్లెక్సీ కూడా పోయింది. బస్సు ఖర్చు ఎవరిది వాళ్లు పెట్టుకున్నాం, తిండి ఎవరింటి నుంచి వాళ్లు తెచ్చుకున్నాం. చందాగా వచ్చిన ప్రతి రూపాయీ పప్పుకీ గుడ్లకీ పోవాలన్నది షరతు. నగరంలో ఇప్పుడు ప్రతి ఆదివారం ఏదో ఒక జబ్బు పేరుతో నడకలూ పరుగులూ జరుగుతున్నాయి. మంచిదే, నేను కాదనను. కానీ మీరు డబ్బు కట్టే ముందు ఒక్కమాట అడగండి: ఇందులో రోగికి చేరేది ఎంత? వెంటనే లెక్క చెప్పేవాళ్లతోనే నడవండి.

"ఇంతోటి దానికి అంత దూరం వెళ్లి నడవడమెందుకు, ఇంట్లోంచే డబ్బు పంపేస్తే పోలా?" అని మావారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. నాకు ఆ రోజు జవాబు తట్టలేదు. నడిచొచ్చాక తెలిసింది, అది కింద చెబుతాను.

తెల్లవారకముందే బస్సు బయల్దేరింది. అటవీశాఖ అనుమతి ముందే తీసుకున్నాం. దిగేసరికి ఎండ ఇంకా చెట్ల పైకొమ్మల్లోనే ఉంది. మార్చిలో అడవి పచ్చగా ఉండదు. టేకు ఆకులన్నీ రాల్చేసింది, ఎర్రటి మొరం నేల మీద ఎండుటాకులు కాలికింద కరకరలాడుతుంటాయి. ఆ బోసి చెట్ల మధ్య ఆకన్నదే లేకుండా నిలువెల్లా పూసిన మోదుగ కనిపిస్తే మాట ఆగిపోతుంది. రాలిన పువ్వొకటి ఏరి పంతులమ్మ పిన్ని మా చేతుల్లో పెట్టింది. కాడ దగ్గర నల్లటి వెల్వెట్టులా ఉండే దొప్ప, అందులోంచి కాషాయం రంగు రేకులు. దీన్ని నీళ్లలో నానేసి హోలీకి రంగు చేసేవారు, మీరూ చిన్నప్పుడు చేసే ఉంటారు. ఇంకాస్త ముందుకెళ్తే ఇప్పచెట్టు కింద తియ్యటి వాసన. తునికి చెట్లు చూపించి, బీడీలు చుట్టే ఆకు ఇదేనంది పిన్ని. సిస్టరమ్మ వెంటనే అందుకుంది: "పొగ తాగేవాళ్లకి టీబీ ముప్పు ఎక్కువ. వచ్చాక తగ్గడమూ ఆలస్యం."

ఎక్కడో నెమలి అరిచింది. దారి పక్కన పొదల్లో పికిలిపిట్టలు. మేం పార్కులో చేతులూపుకుంటూ చకచకా నడిచే అలవాటువాళ్లం. ఇక్కడ మెల్లగా నడిచాం, మాతో వచ్చినవాళ్లలో ఒక పెద్దాయనకి చాలాకాలం మందులు వాడినా ఊపిరితిత్తి ఒకటి సగమే పనిచేస్తుంది. ఆయన ఆటో నడిపేవాడు. మొదటిసారి టీబీ వచ్చినప్పుడు రెండు నెలలకే దగ్గు పోయిందట, ఆకలి వేసిందట. బాగైపోయిందనుకుని మాత్రలు ఆపేశాడు. ఏడాది తిరక్కుండా మళ్లీ వచ్చింది, ఈసారి మామూలు మందులకు లొంగని రకం. "ఏడాదిన్నర మింగిన మందులు. సూదులు సూత చేయించుకున్న. మొదలే ఆరు నెలలు సక్కగ మింగితే అయిపోవు," అన్నాడు. ఇప్పుడు ఆ మొండి రకానికి కూడా కొందరికి ఆరు నెలల్లో ముగిసే కొత్త మందులు వచ్చాయని సిస్టరమ్మ చెప్పింది. ఆయన తల ఊపి, "నా అసుంటోళ్లకు మంచిగైంది," అన్నాడు.

ఇక ఆ అమ్మాయి. ఆ అమ్మాయి గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నానేమో.

పాతికేళ్లలోపే ఉంటాయి. నగరంలో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తుంది, ఊరు తాండూరు వైపు. నా పక్కనే నడుస్తూ దారి పొడుగునా మాట్లాడింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేదట, రాత్రి పక్క తడిసిపోయేలా చెమట. దగ్గు మందు సీసాలు కొనుక్కుని తాగింది. మూడు నెలలు అలా గడిచాక కళ్లె పరీక్ష చేయించారు. అప్పటికి 38 కిలోలు.

"మాత్రలు మూడు ఒక్కసారే ఏసుకోవాలె అక్కా. పెద్దగుంటయి. ఏసుకున్నంక కడుపుల తిప్పినట్టయ్యేది. తెల్లారి చూస్తె ఒంటేలు ఎర్రగ. రగతం పోతుందనుకుని ఏడ్సిన. మందుకి అట్ల వస్తదని ఎవరు జెప్పలే."

రిఫాంపిసిన్ అనే మందుకి మూత్రం నారింజ రంగులో రావడం మామూలే, భయపడాల్సిన పని లేదు. ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం ముందుగా చెప్పేవాళ్లు లేక మందులు ఆపేసినవాళ్లను తన ఉద్యోగంలో ఎంతోమందిని చూశానంది సిస్టరమ్మ. మాత్రల లెక్క కూడా బరువును బట్టే ఉంటుందట. 35 నుంచి 49 కిలోలవాళ్లకి మూడు, 50 నుంచి 64 కిలోలవాళ్లకి నాలుగు. నాలుగు రకాల మందు ఒక్క మాత్రలో ఉంటుంది. అలా రెండు నెలలు, ఆ తర్వాత మూడు రకాలతో నాలుగు నెలలు.

గది ఓనరుకి ఎలాగో తెలిసింది. వారంలో ఖాళీ చేయమన్నాడు. ఊరికి పోతే వాళ్లమ్మ పళ్లెం, గ్లాసు వేరే పెట్టింది. "అమ్మ మీద కోపం లేదక్కా. తమ్మునికి అంటుకుంటదని భయపడ్డది. కని గ్లాసు పక్కకు పెట్టిన్నాడు మస్తు బాధయింది." ఈ మాట చెబుతూ నవ్వడానికి చూసింది, నవ్వు రాలేదు. నేను చెయ్యి పట్టుకున్నాను, ఇంకేం చేయాలో తెలియలేదు.

టీబీ పళ్లెం వల్ల రాదు, గ్లాసు వల్ల రాదు, దుప్పటి వల్ల రాదు. ఊపిరితిత్తుల్లో జబ్బు ఉన్నవాళ్లు దగ్గినప్పుడు గాలిలోకి వచ్చిన తుంపర్ల వల్ల వస్తుంది. సరైన మందు మొదలుపెడితే కొద్ది వారాల్లోనే ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. అంటే, ఇంట్లో అందరికీ ప్రమాదం ఎప్పుడంటే జబ్బు ఉందని తెలియనప్పుడు. దగ్గు మందు సీసాలు తాగిన ఆ మూడు నెలలు. గ్లాసు వేరుపెట్టే సమయానికి ఆ పిల్ల వల్ల ప్రమాదం చాలావరకు తీరిపోయింది. మన ఇళ్లలో ఇదంతా సరిగ్గా తిరగేసి జరుగుతోంది.

ఆసుపత్రి కనిపించే చోటికి వచ్చి, చెట్ల నీడలో కూర్చున్నాం. అక్కడ సిస్టరమ్మ చెప్పిన కథ మీరూ వినాలి.

మందులు లేని రోజుల్లో క్షయకు వైద్యమంటే కొండగాలి, విశ్రాంతి, మంచి తిండి. 1850లలో జర్మన్ డాక్టరు హెర్మన్ బ్రెమర్ సైలీషియా కొండల్లో ఒక ఆసుపత్రి పెట్టి మొదలుపెట్టిన పద్ధతి అది. రోగుల్ని కొండదారుల్లో కొలత ప్రకారం నడిపించేవాడు. ఇంగ్లండులో ఫ్రిమ్లీ అనే చోట మార్కస్ ప్యాటర్సన్ అనే డాక్టరు ఇంకో అడుగు ముందుకేసి, రోజురోజుకీ నడక దూరం పెంచుకుంటూ పోయి, కోలుకున్నవాళ్ల చేత బుట్టలు మోయించి, పారపని కూడా చేయించేవాడు. మన దగ్గర మదనపల్లె పక్కన ఆరోగ్యవరం 1915లో వచ్చింది, డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమాట్ మోలర్ దాన్ని నడిపాడు. నెహ్రూగారి భార్య కమలా నెహ్రూ భొవాలీ కొండల్లోని ఆసుపత్రిలో కొన్నాళ్లుండి, చివరికి 1936లో స్విట్జర్లాండులో కన్నుమూసింది. డబ్బూ పేరూ ఉన్న ఇంటికే అంతకన్నా దారి లేని కాలం. అనంతగిరి వంటి ఆసుపత్రులన్నీ ఆ ఆలోచనతో పుట్టినవే. గాలి ఆడే వరండాల్లో మంచాలు, పొద్దునా సాయంత్రం పాలు, గుడ్లు, వారం వారం బరువు చూసి రాయడం.

1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాయి. మందులున్నాయి సరే, లక్షలమంది రోగుల్ని ఎన్ని కొండల మీద ఉంచగలరు? అప్పుడు జరిగింది మద్రాసు అధ్యయనం. 1956లో భారత ప్రభుత్వ వైద్య పరిశోధనా మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ పరిశోధనా మండలి కలిసి చేశాయి. వాలెస్ ఫాక్స్ అనే డాక్టరు ముందుండి నడిపాడు. కొందరు రోగుల్ని మంచి తిండీ విశ్రాంతీ ఉన్న ఆసుపత్రిలో పెట్టారు. కొందరికి మద్రాసు పేటల్లోని ఇరుకు ఇళ్లలోనే, తినే తిండే తింటూ ఉండగానే మందులిచ్చారు. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాలకూ దాదాపు ఒకే ఫలితం. ఇంట్లో ఉన్న రోగుల వల్ల కుటుంబంలో ఎక్కువమందికి సోకిందీ లేదు. ముఖ్య ఫలితాన్ని 1959లో ప్రకటించారు. ప్రపంచమంతటా కొండ ఆసుపత్రుల కాలం అయిపోవడానికి దారి వేసింది మన మద్రాసే.

"ఎంత మంచి పనో చూడండి," అంది సిస్టరమ్మ. "తల్లి పిల్లల దగ్గరే ఉండొచ్చు, మనిషి పనికి పోవచ్చు. అయితే మనవాళ్లు అక్కడో సంగతి జారవిడిచారు. మందు పడితే చాలు, తిండితో పని లేదన్నట్టు అర్థం చేసుకున్నారు. రోగిని కొండ మీద నుంచి ఇంటికి పంపారు, పాలూ గుడ్లూ మాత్రం అక్కడే ఆగిపోయాయి."

ఈ మాట నా మనసులో నాటుకుపోయింది. ఇంటికొచ్చాక మా డాక్టరు మేనల్లుడిని అడిగి వివరాలు తెలుసుకున్నాను. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో రేషన్స్ అనే పేరుతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది, 2023లో లాన్సెట్ పత్రికల్లో వచ్చింది. అనురాగ్ భార్గవ, మాధవీ భార్గవ అనే డాక్టర్ దంపతులు ముఖ్యులు. 2,800 మంది రోగులకు మందులతో పాటు నెలకు పది కిలోల సరుకులు ఇచ్చారు: బియ్యం, పప్పు, పాలపొడి, నూనె. సగం ఇళ్లలో కుటుంబసభ్యులకు కూడా మనిషికి నెలకు అయిదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు. బ్యాంకు వదిన నోట్‌బుక్కులోని కిలోన్నర ఎక్కడిదో నాకప్పుడు తెలిసింది, సిస్టరమ్మ చెప్పి రాయించింది.

ఫలితమేమిటో తెలుసా? బియ్యం పప్పు అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఇతరులకు అంటించే రకమైతే 48 శాతం. టీకా కాదు, మందు కాదు. బియ్యం, పప్పు. రోగుల్లో కూడా మొదటి రెండు నెలల్లో బరువు నూటికి అయిదు వంతులు పెరిగినవాళ్లకు ప్రాణాపాయం 61 శాతం తక్కువగా కనిపించింది. నలభై కిలోల మనిషి రెండు కిలోలు పెరగడం, అంతే. మందు లేకుండా తిండొక్కటే నయం చేస్తుందని కాదు సుమండీ, పొరపాటు పడకండి. పురుగును చంపేది మందే. మనిషిని నిలబెట్టేది తిండి. రెండూ కావాలి.

మన దేశంలో తిండి చాలకపోవడమే టీబీకి పెద్ద కారణాల్లో ఒకటి. ప్రపంచంలో 2023లో టీబీ వచ్చినవారిలో నూటికి 26 మంది మనవాళ్లే. ఆ ఏడు మన దేశంలో టీబీతో చనిపోయినవారు మూడు లక్షలకు పైనే ఉంటారని అంచనా. మందు ఉచితంగా దొరికే జబ్బుతో! నాకు ఈ సంఖ్య చదివినప్పుడల్లా గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనను. 2018 ఏప్రిల్ నుంచి రోగి ఖాతాలో నెలకు 500 రూపాయలు వేస్తున్నారు, 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యి చేశారు. 2022 సెప్టెంబరులో నిక్షయ్ మిత్ర అనే పద్ధతి మొదలైంది. మీరు, నేను, ఒక కాలనీ, ఒక కంపెనీ, ఎవరైనా ముందుకొచ్చి రోగి ఒప్పుకుంటే కనీసం ఆరు నెలలు పోషకాహారం అందించవచ్చు. ఇప్పుడు ఇంట్లోవాళ్లకూ ఇవ్వవచ్చంటున్నారు. మా చందా డబ్బు వెళ్లింది ఈ దారినే. శాకాహారుల ఇళ్లకు గుడ్ల బదులు పల్లీలు, పెసలు పెట్టాం. పల్లీ పట్టీలు పెట్టాలన్నది ఆ బట్టల దుకాణం అమ్మాయి సలహా: "పనికాడ సంచిలేసుకుని తినొచ్చు అక్కా, ఎవరికి చెప్పే పనుండదు."

ఇక్కడ ఒక మాట గట్టిగా అనాలనుంది. సరుకుల సంచీ ఇస్తూ రోగితో ఫొటో తీసుకోకండి. పత్రికలో వేయించకండి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఇచ్చే అయిదారుగురు చిరునవ్వుతో నిలబడి, పుచ్చుకునే మనిషి తల దించుకున్న ఫొటోలు నేను చాలా చూశాను. ఆ ఫొటో గది ఓనరుకి చేరుతుంది, పనిచ్చే యజమానికి చేరుతుంది, పెళ్లివారికి చేరుతుంది. పప్పిచ్చి పరువు తీసుకుంటే అది దానం కాదు. మా సంచులు సిస్టరమ్మ తెలిసిన ఆరోగ్య కార్యకర్తల చేతుల మీదుగా వెళ్లాయి, వాటి మీద ఏ అక్షరమూ లేదు.

మావారి ప్రశ్నకు జవాబు బాకీ ఉన్నాను. తిరిగొచ్చే దారిలో, కోనేరు దగ్గర వేరే కుటుంబమొకటి భోజనాలు చేస్తోంది. ఏం సంగతి ఇంతమంది వచ్చారని వాళ్లలో ఒకావిడ అడిగింది. మేమంతా ఏం చెప్పాలా అని ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటుంటే, ఆ బట్టల దుకాణం అమ్మాయే ముందుకొచ్చి చెప్పింది. "నాకు టీబీ వచ్చిండె. మందులు వాడిన, మంచిగైన. ఇప్పుడు 47 కిలోలున్న. ఇంకొందరికి మంచిగ కావాలని నడుస్తున్నం."

ఆవిడ ఒక్క క్షణం చేతిలో ముద్ద ఆపింది. తర్వాత పక్కకు జరిగి, "కూసో బిడ్డా, గింత పులిహోర తిను," అని ఆకు వేసింది. ఆ అమ్మాయి కూర్చుని తింది. ఆ ఇంటి పిల్లలు దాని పక్కనే కూర్చున్నారు. కాసేపటికి ఆవిడే నన్ను చాటుకు పిలిచి, వాళ్ల మరిదికి నెల్లాళ్లుగా దగ్గు తగ్గడం లేదని, ఎక్కడ చూపించాలని అడిగింది. డబ్బు ఇంట్లోంచి పంపొచ్చు. ఈ ప్రశ్న అడిగించడం ఇంట్లో కూర్చుంటే కాదు.

మీలో చాలామంది ఈ జబ్బు మన ఇళ్లది కాదనుకుంటారని నాకు తెలుసు. షుగరున్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. మన ఇళ్లలో షుగరు లేని ఇల్లేది చెప్పండి? అమితాబ్ బచ్చన్‌కు 2000లో వెన్నెముకకు టీబీ వచ్చింది, మందులు పూర్తిగా వాడి బయటపడ్డానని ఆయనే పదిమందిలో చెబుతాడు. ఊపిరితిత్తులకే వస్తుందని లేదు. మెడ దగ్గర గడ్డగా, వెన్నులో, పొట్టలో, గర్భసంచిలో, ఎక్కడైనా రావచ్చు. పిల్లలు కలగలేదని తిరిగి తిరిగి, చివరికి కారణం టీబీ అని తేలిన ఇళ్లు నాకు తెలుసు.

కాబట్టి చదివి పక్కన పెట్టేయకండి. ఇంట్లో, వంటింట్లో, మెట్ల కింద వాచ్‌మన్ గదిలో, ఎవరికైనా రెండు వారాలు దాటి దగ్గు ఉంటే, సాయంత్రం జ్వరం, రాత్రి చెమట, బరువు తగ్గడం ఉంటే, దగ్గు మందు సీసా కొనివ్వకండి. దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి పంపండి, వీలైతే వెంట వెళ్లండి. కళ్లె పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే. టీబీ అని తేలితే ఇంట్లో మిగతావాళ్లకూ పరీక్ష చేసి, అవసరమైనవాళ్లకు రాకుండా ముందుమందు ఇస్తారు, అదీ అడిగి పుచ్చుకోండి. అనుమానాలుంటే 1800-11-6666కి ఫోన్ చేయండి, డబ్బు పడదు. నిక్షయ్ మిత్రగా చేరాలన్నా అక్కడే అడగొచ్చు. మీ అపార్ట్‌మెంటులో పది ఇళ్లవాళ్లు కలిస్తే ఒక్కొక్కరి మీద పడేది ఆరు నెలలకు కలిపి 666 రూపాయలు, బ్యాంకు వదిన లెక్క ప్రకారం.